గాజుతొట్టి అడుగున రాగి కాణీ

బాబాయి ఆ కాణీని పట్టకారుతో ఇసుకలోంచి పైకి తీసినప్పుడు పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నాయనమ్మ గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని, చేటలో కందిపప్పు ఏరుతోంది. నేను పెరట్లోంచి లోపలికి వస్తూ నోట్లో బ్రష్షుతోనే ఆగిపోయాను. ముందుగదిలో బల్ల మీద ఉన్న గాజుతొట్టిలో నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడి ఉన్నాయి. అంతకు ముందు వారం దాకా చిన్న చిన్న గొడుగుల్లా విచ్చుకుని నీటి కదలికకి ఊగిన సముద్రపు పూలన్నీ రాళ్ళకి అంటుకున్న జిగురులా కుంగిపోయాయి. గుల్లల్లో కాపురం పెట్టుకుని తిరిగే చిన్న పీతలు గుల్లలు వదిలేసి బయట పడి చచ్చి ఉన్నాయి. ఇనుప ముక్కను గానీ ఇత్తడి చెంబును గానీ ఆ తొట్టి దరిదాపులకు రానివ్వని మనిషి, వంటింటి పట్టకారుతో మోచేతి దాకా నీళ్ళలో ముంచి, అడుగున కెలికి, ఆ బిళ్ళను పట్టుకున్నాడు. కిటికీ వెలుతురులో పెట్టి తిప్పి చూశాడు. నల్లబడ్డ రాగి కాణీ. మధ్యలో చిల్లు. అంచు వెంబడి ఆకుపచ్చటి చిలుము.

"ఎవులేసేరిది?" అన్నాడు.

గట్టిగా అనలేదు. బాబాయికి కోపం వస్తే గొంతు పెరగదు, చదువుకున్నవాడి మాట పోయి ఊరి మాట వస్తుంది. నాయనమ్మ చేతిలో చేట ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. పిన్ని కొంగుతో చేతులు తుడుచుకుంది.

కిందటి నెల బాబాయి సంవత్సరీకానికి అనకాపల్లి వెళ్ళాను. భోజనాలు అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, పిన్ని ఆరిన బట్టలు తీయడానికి డాబా ఎక్కుతుంటే వెనకే వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు నీడలో ఆ గాజుతొట్టి ఉంది. మట్టి నింపి పుదీనా వేసింది. ఒక పక్క అద్దం మూల పగిలింది గానీ, తొట్టి పైఅంచుకి కొంచెం దిగువన తెల్లటి చార ఒకటి నాలుగు వైపులా ఇంకా కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు నీళ్ళు అక్కడిదాకా ఉండేవి. ఎన్ని వానలు కురిసినా ఆ ఉప్పు చార పోలేదు. ఎన్నో ఏళ్ళు ఇతరుల ఇళ్ళలో జరిగినవి రాసి పంపిన నేను మా ఇంట్లో జరిగిన ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఆ చార చూశాక రాయాలనిపించింది.

మా నాన్నగారు ఏజెన్సీలో బడిపంతులు. అక్కడ పైచదువులు లేవు గనక నన్ను అనకాపల్లి గవరపాలెంలో బాబాయి ఇంట్లో ఉంచారు. డిగ్రీ అయ్యాక ఒక దినపత్రికకి విలేకరిగా కుదిరి అక్కడే ఉండిపోయాను. ఇంట్లో మేం నలుగురం. సూర్యారావు బాబాయి, వరలక్ష్మి పిన్ని, నాయనమ్మ అప్పలనరసమ్మ, నేను. బాబాయికీ పిన్నికీ పిల్లలు లేరు. ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. ఉగాది ముందు వచ్చే కొత్తమావాస్యకి ఊళ్ళో నూకాలమ్మ గుడి నుంచి వచ్చినప్పుడల్లా పిన్ని కొంగున ఏదో ఒక ముడుపు కొత్తగా ఉండేది, దాని గురించీ ఎవరూ అడిగేవారు కాదు.

బాబాయి ఒక చక్కెర మిల్లు ల్యాబ్‌లో పనిచేసేవాడు. చెరుకు రసం ఎంత చిక్కగా ఉందో కొలవడం ఆయన పని. సన్నటి గాజు గొట్టం లాంటి హైడ్రోమీటరు రసంలో వదిలి, అది ఎక్కడిదాకా మునిగిందో చూసి అంకె రాసేవాడు. చెరుకు ఆడే క్రషింగ్ రోజుల్లో షిఫ్టు దిగి వచ్చేసరికి ఆయన చొక్కా నిండా పులిసిన తీపి వాసన. పిన్ని ఆ చొక్కాలు వేరే బకెట్లో నానబెట్టేది, లేకపోతే చీమలు ఇంటిల్లిపాది బట్టలకూ పట్టేవి. ఆయన దగ్గర పాత హైడ్రోమీటరు ఇంకొకటి ఇంట్లో ఉండేది. దాన్ని పాలలో ముంచేవాడు, పులుసులో ముంచేవాడు. మా పాలాయన సైకిలు దిగుతూనే, "సార్ డ్యూటీకెళ్ళేరేటమ్మా?" అని పిన్నిని అడిగి, వెళ్ళాడంటేనే తీరిగ్గా పాలు పోసేవాడు. "పులుసులో పుల్లెట్టి సూసేవోడికి పెళ్ళామెందుకు, ఆ పుల్లే సాలు" అనేది నాయనమ్మ. బాబాయి నవ్వేవాడు. కొలిచిన వస్తువు మీదే ఆయనకి నమ్మకం.

ఒక ఏడాది ఆ మిల్లు ఆడలేదు. కబురు పంపుతాం, అప్పటిదాకా ఇంటి దగ్గర ఉండండి అన్నారు. బెల్లం మార్కెట్ వైపు నుంచి గాలి వీచినప్పుడు ఊరంతా ఎప్పటిలాగే పాకం వాసన వచ్చేది. బాబాయి మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, వీధరుగు మీద కూర్చుని, షిఫ్టు మారే వేళకి లేచి లోపలికి వచ్చేవాడు. పిన్ని ఆయన్ని ఏమీ అనేది కాదు. అనకుండా ఉండడానికి ఆవిడ చాలా కష్టపడేదని మాత్రం వంటింట్లో గిన్నెల చప్పుడును బట్టి తెలిసేది.

ఆ రోజుల్లోనే ఏదో పని మీద విశాఖ వెళ్ళి, రంగు చేపలు అమ్మే దుకాణంలో ఉప్పునీళ్ళ తొట్టి చూసి వచ్చాడు. మామూలు చేపల తొట్టి కాదు. సముద్రపు రాయి, ఆ రాయి మీద పువ్వుల్లా విచ్చుకునే జీవులు, వాటి మధ్య నీలం చేప ఒకటి. భోజనం దగ్గర కూర్చుని అన్నం కలపకుండా దాని గురించే చెప్పాడు. అలాంటిది మనింట్లో పెడతాను అన్నాడు.

"ఓరి నాయనా, సంద్రాన్ని ఇంట్లో ఎట్టుకుంతారేటిరా? రమ్మంటే వత్తాది, పొమ్మంటే పోతాదేటి?" అంది నాయనమ్మ.

"పోదమ్మా. దాని సాంద్రత నా చేతిలో ఉంటుంది" అన్నాడు బాబాయి.

"దాని సంగతి సరే, నీళ్ళెవరు మోస్తారు?" అంది పిన్ని.

నీళ్ళు మోసింది అప్పారావు. బాబాయికి వరసకి బావ. సముద్రపొడ్డున ఉన్న పూడిమడక నుంచి ఐసు పెట్టెల్లో చేపలు తెచ్చే వ్యాను నడిపేవాడు. నూనె డబ్బాలు సున్నంతో కడిగి ఇస్తే, వాటినిండా సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చి గుమ్మంలో దించేవాడు. "లోకవంతటికీ సంద్రంలోంచి సేపలు తెత్తన్నాను. నీకొక్కడికే నీళ్ళు తెత్తన్నాను బావా. రేపు వలేసి గాలి కూడా పట్టుకొమ్మంటావేటి?" అని వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు. ఫొటోలకి అద్దాలు కట్టే దుకాణంలో తొట్టి అతికించారు. నీళ్ళని పాత పంచెలో వడకట్టి డ్రమ్ములో నిలవబెట్టారు. ఇసుక కూడా పూడిమడకదే. బాబాయి దాన్ని జల్లెడ పట్టి, కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగాడు.

రాళ్ళు తంతడి ఒడ్డు నుంచి వచ్చాయి. అలలు బాగా వెనక్కి తీసిన పొద్దుల్లో అక్కడి రాళ్ళ సందుల్లో నీటి మడుగులు మిగులుతాయి. వాటిల్లోంచి చేతికి పట్టేంత రాళ్ళు ఏరి, తడి గోనెపట్టాలు కప్పి తెచ్చారు. అలా తేవడం మంచిది కాదని, కొన్నింటిని ముట్టుకోవడానికి చట్టమే ఒప్పుకోదని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు మా వీధిలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, రోజూ వార్తలు రాసే నాకూ రాలేదు. తొట్టిలో పెట్టిన కొత్తలో రాళ్ళ మీద చావవలసినవి చచ్చి ఇల్లంతా కంపు కొట్టింది. పిన్ని సాంబ్రాణి వేసేది. సాంబ్రాణీ ఆ వాసనా కలిసి ఇంకా ఘోరంగా ఉండేది. "ఎండుసేపల కొట్లో దేవుడి గదున్నట్టుంది" అని నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. గాజు మీద మట్టిరంగు పూత పట్టింది, అది పోయి పచ్చటి నాచు పట్టింది. బాబాయి కంగారు పడలేదు. దుకాణం వాడు ఇలాగే జరుగుతుందన్నాడట. వాడు చెప్పిన ఇంకో మాటని బాబాయి మా అందరికీ శాసనంలా వినిపించాడు. రాగి, ఇత్తడి తొట్టి దగ్గరికి రాకూడదు. చేపలు తట్టుకున్నా ఆ పూలు, రొయ్యలు, పీతలు రాగి తగిలితే బతకవు. తగ్గిన నీళ్ళకి మంచినీళ్ళు పోయాలన్నా ప్లాస్టిక్ మగ్గుతోనే పోయాలి. మా ఇంట్లో తాగేనీళ్ళు రాగి బిందెలో ఉండేవి. ఆ బిందె ముందుగదిలోంచి వంటింట్లోకి మారింది.

తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. దానికి పాత కూలరు పంపు విప్పి అడుగున పెట్టాడు. దాని తీగ గోడ మీది ప్లగ్గుదాకా అందలేదు. ఇంకో ముక్క తెచ్చి, కొనలు మెలితిప్పి, నల్ల టేపు చుట్టి, ఆ అతుకుని తొట్టి మూతలోపల చెక్క మేకుకి వేలాడదీశాడు. ఇదంతా నేను చూశాను. చూసినవాళ్ళం ఎవరం దాని గురించి రెండో ఆలోచన చెయ్యలేదు. ఇళ్ళలో తీగలు అలాగే అతికేవాళ్ళం.

చలి ముదిరేసరికి నీళ్ళు తేటపడ్డాయి. ఒక ఉదయం రాళ్ళ మీద బొత్తాల్లా ముడుచుకుని ఉన్నవి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పచ్చటివి, మట్టిరంగువి, అంచున సన్నటి వెంట్రుకల్లాంటి రేకులు. మధ్యలో పిడికిలంత సముద్రపుపువ్వు ఒకటి రాతిసందులో కాలూని, వేళ్ళన్నీ బయటికి చాచింది. పిన్ని పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి చూసింది. ఆ రోజు నుంచి రొయ్య ముక్కని గోరంత చేసి దానికి తినిపించడం పిన్ని పని అయింది. ప్లాస్టిక్ చెంచా తగిలితే చాలు, అది ముడుచుకుపోయేది. "సిగ్గెక్కువ దీనికి. కొత్తకోడల్లాగ" అంది పిన్ని.

"నీకన్నా నయవే. నువ్వొచ్చిన మర్నాడే నాకు ఎదురు సెప్పేవు" అంది నాయనమ్మ.

"మీరు ఉప్పెక్కువేసి నా మీదెట్టేరు, సెప్పనేటి మరి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. బాబాయి హైడ్రోమీటరు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అంకె చదువుతున్నాడు. మా ఇంట్లో నాకు బాగా గుర్తున్న ఉదయం అదే.

విశాఖలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్ ఒకావిడ నాకు తాబేళ్ళ వార్త రాసినప్పుడు పరిచయం. మాటల్లో బాబాయి తొట్టి గురించి చెబితే ఆవిడ ఆశ్చర్యపోయింది. వాళ్ళ ల్యాబ్‌లో ఉప్పునీళ్ళ తొట్లు పెడుతున్నారట, రోజూ కనిపెట్టుకుని చూసే మనిషి కావాలట. "పౌర్ణమి వెళ్ళాక వచ్చే ఆదివారం వస్తాను. మీ బాబాయి ఎలా ఉంచారో చూస్తే నాకు చాలు" అంది. ఆ మాట చెప్పగానే బాబాయి నన్ను కూర్చోమని, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు. మిల్లు నుంచి కబురు వస్తుందన్న ఆశ ఆయనకి అప్పటికే పోయింది. మళ్ళీ ఒక ల్యాబ్‌లో నిలబడే దారి ఈ తొట్టిలోంచే ఉంది. అది పిన్నికీ తెలుసు. ఆదివారం మేడమ్‌కి ఏం వండాలో అప్పటినుంచే అడగడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున చెంచా నీళ్ళలో పడితే పిన్ని చెయ్యిపెట్టి తీసింది. తీసి చెయ్యి విదిలించుకుంది.

"ఏటండీ, ఈ నీళ్ళల్లో సెయ్యెడితే జివ్వుమంటంది."

"ఉప్పునీళ్ళవి. కూర తరిగినప్పుడు చేతికి ఎక్కడో గీసుకుని ఉంటుంది" అన్నాడు బాబాయి పేపరులోంచి తల ఎత్తకుండా.

"మంట కాదండీ. జివ్వు."

"సరేలే, నువ్వు దాన్లో చెయ్యి పెట్టకు."

మాఘ పౌర్ణమికి మా వైపు ఊళ్ళకి ఊళ్ళు సముద్రానికి కదులుతాయి. నాయనమ్మ ప్రతి ఏడూ పూడిమడక బస్సెక్కేది. స్నానం చేసి, తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుని, పసుపూ కుంకుమా, ఒక కాణీ నీళ్ళలో విడిచేది. పాత రాగి కాణీలు ఆవిడ బట్టసంచిలో దాచుకునేది ఇందుకే. "సంద్రానికి రాగే ఇవ్వాల. ఈ సిలవర డబ్బులిత్తే మొకాన కొడతాది" అనేది. వెళ్ళినప్పుడల్లా పిన్ని చేతిలోనూ ఒకటి పెట్టి, కోరుకోవలసింది కోరుకోమనేది. ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు కదలనివ్వలేదు. పౌర్ణమి పొద్దున్నే అప్పారావు ఒక డబ్బా సముద్రపు నీళ్ళు ఎక్కువ తెచ్చాడు. పెరట్లో పీట వేసి పిన్ని ఆ నీళ్ళు నాయనమ్మ తల మీద పోసింది, తరవాత తనూ పోసుకుంది. బాబాయి ఇంట్లో లేడు. పౌర్ణమికి నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయని తంతడి వెళ్ళాడు. నేను పూడిమడక జనం గురించి వార్త రాయడానికి అప్పారావు వ్యానులోనే వెళ్ళిపోయాను. వెళ్ళేటప్పుడు చూసింది ఇంతే. తడిజుట్టుతో నాయనమ్మ ముందుగదిలో తొట్టికి ఎదురుగా కూర్చుని ఉంది. పిన్ని ఆవిడ వెనక నిలబడి తల తుడుస్తోంది.

ఆ వారంలోనే పూలు ముడుచుకున్నాయి. మొదట పెద్దపువ్వు వేళ్ళు లోపలికి లాక్కుంది. మర్నాటికి బొత్తాలు. బాబాయి హైడ్రోమీటరు ముంచాడు, అంకె సరిగ్గానే ఉంది. నీళ్ళు మార్చాడు. వేడి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, లోపల మాత్రం ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. ఆ తరవాతి పొద్దున పట్టకారు తీసుకున్నాడు.

ఎవులేసేరిదని అడిగిన బాబాయి, కాణీని బల్ల మీద పెట్టి పిన్ని వైపు తిరిగాడు.

"నిన్నే అడుగుతన్నాను వరలక్ష్మీ."

"ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నానేటండీ?"

"దాన్లో సెయ్యెట్టింది నువ్వే కదా. జివ్వుమందని నువ్వే కదా సెప్పేవు. పున్నం నాడు ఇంట్లో నేను లేను."

పిన్ని నాయనమ్మ వైపు చూడలేదు. చూస్తే అది చూపించినట్టవుతుందని కాబోలు, గుమ్మం చెక్కనే చూస్తూ నిలబడింది. బాబాయి కూడా ఒక్కసారయినా నాయనమ్మ వైపు తల తిప్పలేదు.

"నూకాలమ్మ తోడు, నేను వెయ్యలేదని ఒట్టేసి సెప్పు. నమ్ముతాను."

అప్పుడు పిన్ని ఆయన వైపు చూసింది. "నేను వండింది తినడానికి ఏ రోజైనా ఒట్టేయించుకున్నారేటండీ? ఇన్నేళ్ళు తిన్నారు. దీనికెందుకు ఒట్టు?"

"వేసేవు గనకే ఒట్టెయ్యలేకపోతన్నావు."

"అలాగనుకోండి."

నాయనమ్మ చేట కింద పెట్టి, "ఒరే సూరీడూ" అంది. అది బాబాయి చిన్నప్పటి పేరు. బాబాయి "నువ్వుండమ్మా" అన్నాడు. ఆవిడ ఏం చెప్పబోయిందో ఎవరికీ తెలియదు, మళ్ళీ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నాలు వండి, మూతలు పెట్టి, పిన్ని కశింకోట దగ్గర ఉన్న పుట్టింటికి వెళ్ళిపోయింది. బస్సు దాకా నేను సంచి పట్టుకుని వెళ్ళాను. "మీ బాబాయికి రాత్రికి పాలు తోడెట్టేనని సెప్పు" అంది. అంతే.

బాబాయి మేడమ్‌కి ఫోన్ చేసి, రావద్దమ్మా, చూడడానికేం లేదు అన్నాడు. ఆవిడ ఇంకోసారి పెట్టండి, చూద్దాం అంది. ఆయన పెట్టలేదు. అప్పారావు ఖాళీ డబ్బాలు తీసుకుపోవడానికి వచ్చి, బల్ల మీద కాణీ చూసి, "ఇసకలోనే వచ్చిందేమో బావా. పున్నాలకి జనం ఆ ఒడ్డున ఎన్నేత్తారో నీకు తెలీదేటి? పాపం, సెల్లెమ్మ మీదెందుకు?" అన్నాడు.

"పిడికెడు పిడికెడు జల్లెడ పట్టేను బావా."

"నీ కంటికి తప్పదేటి ఏదీ?"

"తప్పదు."

అప్పారావు డబ్బాలు వ్యానులో పడేసుకుని, ఆ రోజు ఏ వేళాకోళమూ ఆడకుండా వెళ్ళిపోయాడు.

పిన్ని తిరిగి వచ్చింది నాయనమ్మ నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు. అప్పటికి వర్షాలు మొదలయ్యాయి. సంచి గుమ్మంలో పెట్టి తిన్నగా నాయనమ్మ మంచం దగ్గరికి వెళ్ళి, దుప్పటి మార్చడం మొదలుపెట్టింది. ఉండమని బాబాయి అనలేదు, ఉంటానని పిన్ని అనలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మాటలూ నా మీదుగానే నడిచాయి. "అన్నం పెట్టేనని సెప్పు", "నేను బజారెళ్తన్నాను, ఏటన్నా కావాలేమో అడుగు". మూడో మనిషి లేనప్పుడు గోడకి చెప్పేవారు. బాబాయి తరవాత ఎరువుల కొట్లో పనికి కుదిరాడు. హైడ్రోమీటరు బీరువాలో పెట్టి మళ్ళీ తీయలేదు. పాలాయన మాత్రం చాలా రోజులు అనుమానంగానే పోశాడు.

నాయనమ్మ పోయే ముందు మాట తడబడుతుండేది. ఒకరోజు నేనూ పిన్నీ దగ్గర ఉండగా, "సంద్రం తీసేసేరేటి?" అని అడిగింది. "తీసేసేరత్తా" అంది పిన్ని. "మరి దానికిచ్చింది?" అంది ఆవిడ. పిన్ని ఆవిడ నోటికి నీళ్ళు అందించింది. ఆ మాటని పట్టుకుని నేను చాలాసార్లు ఆలోచించాను. కానీ తొట్టిలో కాణీ దొరికిన సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆవిడ ఇచ్చానని అనలేదు. వార్తలో రాయాలంటే ఆ మాట ఎందుకూ పనికిరాదు.

నేను పత్రిక ఆఫీసు పని మీద ఊళ్ళు మారాను. ఇప్పుడు ఉప్పునీళ్ళ తొట్టి పెట్టాలనుకున్నవాడికి అప్పారావు అక్కర్లేదు. కొలత ప్రకారం కలుపుకునే ఉప్పు పెట్టెలో ఇంటికి వస్తుంది, నీళ్ళలో రాగి ఉందో లేదో చెప్పే మందు సీసాలో వస్తుంది. హైదరాబాదులో మా ఎదురింటి కుర్రవాడు రెండు చుక్కలు వేసి రంగు చూసి చెబుతాడు. వాడి తొట్టిలోనూ నీలం చేప ఉంది, దాని ముందు నిలబడితే నాకు ఆ చేప కనిపించదు. ఇలాంటి సీసా ఒకటి అప్పుడు బాబాయి చేతిలో ఉంటే ఏమయ్యేదని లెక్క వేసుకుంటాను. కాణీ పడక ముందే రంగు మారి ఉండేదా? అయినా ఆయన ఆ రోజు అడిగింది నీళ్ళలో ఏముందని కాదు, ఎవరు వేశారని. దానికి ఏ సీసా ఉందో నాకు తెలియదు. బాబాయి చివరి నెలల్లో మంచం మీద ఉన్నప్పుడు పిన్నే చూసుకుంది. ఆ నెలల్లో ఆయన ఆవిడతో నేరుగా మాట్లాడాడట. మంచినీళ్ళు అని, దిండు అని, ఫ్యాను అని. పిన్ని ఎదురుచూసిన మాట ఒక్కటి మిగిలింది. అది ఆయన అనకుండానే పోయాడు.

డాబా మీద ఆ రోజు పిన్ని పుదీనా తుంచుతుంటే, తొట్టి వెనక గోనెసంచిలో తొట్టి సామాను కనిపించింది. మూత, ప్లాస్టిక్ మగ్గు, కూలరు పంపు. పంపు ఎత్తితే దాని తీగ వెంట వచ్చింది. బాబాయి చుట్టిన నల్ల టేపు పొరలు పొరలుగా విడిపోయి వేలాడుతోంది. లోపల అతుకు దగ్గర రాగి తీగ పోగులు చాలావరకు అరిగిపోయి ఉన్నాయి. మిగిలినదంతా ఆకుపచ్చటి చిలుము. వేలు తగిలితే పొడిగా రాలింది.

పిన్ని పుదీనా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూసింది. తరవాత తన కుడిచెయ్యి ఒకసారి విదిలించుకుంది. విదిలించుకున్నట్టు ఆవిడకి తెలుసని నేననుకోను.

"ఇది అప్పటిదేనా శివా?" అని నన్ను అడిగింది. "లేకపోతే ఇన్నేళ్ళూ వానకి తడిసి ఇలాగయిందా?"

నాకు తెలియదన్నాను. అడగకూడదనుకుంటూనే ఇంకో ప్రశ్న కూడా అడిగేశాను. కాణీ నువ్వు వేశావా పిన్నీ?

ఆవిడ నవ్వింది. "నీకూ ఒట్టు కావాలేటి?" అని పుదీనా కొంగులో వేసుకుని మెట్లు దిగింది.

ఆ పంపుని విశాఖ తీసుకువెళ్ళి, మోటార్లు బాగుచేసే ఒకాయనకి చూపించాను. ఇలాంటి అతుకు ఉప్పుగాలికి కొన్ని వారాల్లోనే పచ్చబడి చుక్కలు చుక్కలుగా నీళ్ళలోకి కారగలదన్నాడు, ఆ రాగితో పాటు కొంచెం కరెంటూ నీళ్ళలోకి పాకగలదన్నాడు. సంచిలో పడి ఉండి ఏళ్ళ మీద కూడా సరిగ్గా ఇలాగే అవగలదన్నాడు. ఆ చిలుము పౌర్ణమికి ముందుదో, తరవాతదో చెప్పే గుర్తు ఆ తీగ మీద ఏదీ లేదు.